కాటను దొరగారు – కట్టడపు పని నడుపు విద్య

తనకల్లు నుండి కదిరికి పోవు దారిని నడచినను, ఇటు మదనపల్లె దిక్కునకు నడచినను, కొండలును, బండలును, వాని నడుమ చెరువుగట్లును కానవచ్చుచుండును. మన పూర్వులు వానచినుకును నమ్ముకొని బ్రదికినవారు. పాపఘ్ని వంటి యేరులు సంవత్సరములో పెక్కు నెలలు ఇసుకను చూపునే గాని నీటిని చూపవు. అందుచేత ఈ సీమలో గ్రామమునకు చెరువే ప్రాణము. అట్టి గట్టు మీద నడచుచు, దీనిని కట్టించినవారెవరు, ఎందరు కూలివారు మట్టి మోసిరి, వారికి కూలి యెవరిచ్చిరి, రాయి యెక్కడి నుండి తెచ్చిరి, పని చెడకుండ కనిపెట్టి చూచినవాడెవడు అని ఆలోచించువారు అరుదు. గట్టు కంటికి కనబడును. గట్టును నిలిపిన యేర్పాటు కనబడదు. ఈ సంచికలో మేము విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును చెప్పదలచినది ఆ కనబడని యేర్పాటును గూర్చియే. అందులకు సర్ ఆర్థర్ కాటను దొరగారి జీవితము కంటె తగిన కథ మాకు తోచలేదు.

ఒక పెద్ద పనిని క్రమముగా నడుపుట మన దేశమునకు క్రొత్త కాదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు వద్ద 1369వ సంవత్సరపు శిలాశాసన మొకటి కలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలివారు పని చేసిరనియు, రాతిని తోలుటకు నూరు బండ్లు పెట్టిరనియు, పని రెండు సంవత్సరములు పట్టెననియు ఆ శాసనము తెలుపుచున్నది. అంతేకాదు, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, విడువవలసిన ఆరు దోషములను కూడ అందు లెక్కించిరి. ధర్మమును, ధనమును గల ప్రభువు, జలశాస్త్రము నెరిగిన పండితుడు, గట్టినేల, సమీపమున మంచి రాతిగని, కట్టడమునందు నేర్పరులైన జనులు ఆ పండ్రెండింటిలోనివి. నేటి మాటలలో చెప్పవలెనన్న, పెట్టుబడి, ఇంజనీరు, స్థలము, సామగ్రి, పనివారు అన్నమాట. ఈ అయిదింటిని ఒకచోట చేర్చి నడుపుటయే కట్టడపు పనికి మూలము. ఇక కాటను దొరగారు వీనిని ఎట్లు చేర్చిరో చూతము.

ఆర్థర్ థామస్ కాటను 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండులో జన్మించిరి. తండ్రిగారికి పదునొకండుగురు కుమారులు. వారిలో ఈయన పదియవవారు. పదునైదేండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి యాడిస్కోంబు సైనిక విద్యాలయమున చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము పొందిరి. 1821లో, పదునెనిమిదేండ్ల బాలుడుగా, మద్రాసు రేవున దిగిరి. మొదటి బర్మా యుద్ధమున సైన్యముతో పోయి వచ్చిరి. కాని వారి జీవితమునకు దారి చూపినది యుద్ధము కాదు, నీరు. 1828లో కావేరీ నది నీటిపారుదల పనులు వారి చేతికి వచ్చినవి.

ఆ నాటికి తంజావూరు సీమకు గొప్ప ఆపద పొంచియుండెను. శ్రీరంగము వద్ద కావేరి రెండుగా చీలును. అందు ఉత్తరపు పాయయగు కొల్లిడము నానాటికి ఎక్కువ నీటిని లాగికొని సముద్రమున పోయుచుండెను. తంజావూరునకు పోవు కావేరి పాయ ఇసుక మేటవేసి పూడిపోవుచుండెను. కాటనుగారు 1836లో కొల్లిడము మీద రెండు ఆనకట్టలు కట్టి ఆ నీటిని మరలించిరి. ఇక్కడ విద్యార్థులు గమనింపవలసినది యొకటి కలదు. లోతైన ఇసుకలో, రాతి ఆధారము లేనిచోట, పునాది నిలుపుట యెట్లు? ఈ విద్యను వారు ఇంగ్లండునుండి తేలేదు. కావేరి మీద వేయేండ్లకు పైబడి నిలిచియున్న కల్లణ అను ప్రాచీనపు ఆనకట్టను శోధించి, దేశీయులైన పూర్వపు పనివారి నేర్పును చూచి నేర్చుకొనిరి. తాము ఎవరివద్ద నేర్చితిమో దానిని దాచక తరువాతి కాలమున ఒప్పుకొనిరి. పని నడుపువానికి ఉండదగిన మొదటి గుణము ఇదియే అని మేము తలంతుము. ఆ చోట అంతకు ముందు పని చేసినవా రెవరు, వారి పని యెట్లు నిలిచినది అని అడుగనివాడు ప్రతి తప్పును తన సొంత ఖర్చుతోనే నేర్చుకొనవలసి వచ్చును.

ఎండలోను, బురదలోను చేసిన పనివలన వారి యారోగ్యము పలుమారులు చెడెను. విశ్రాంతికై టాస్మేనియా ద్వీపమునకు పోయి, అచ్చట 1841లో ఎలిజబెత్ లెర్మంతు అను నామెను వివాహమాడి, 1843లో మరల ఈ దేశమునకు వచ్చిరి. ఈ మారు వారిని విశాఖపట్టణపు దిక్కునకు పంపిరి. గోదావరి వారికి ఎదురైనది అప్పుడే.

ఆ కాలపు గోదావరి మండలమును నేటి కోనసీమను చూచినవారు ఊహింపజాలరు. 1832, 1833 సంవత్సరములలో వచ్చిన నందన కరవున గుంటూరు మొదలగు తీరపు జిల్లాలలో జనులు లెక్కకు మించి చచ్చిరి. 1839లో తుపాను వచ్చి సముద్రము కోరంగి మీద పడెను. 1821లో రాజమహేంద్రవరపు జిల్లాలో సుమారు 7 లక్షల 38 వేల మంది యుండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేల మంది మాత్రమే మిగిలిరి. దక్షిణ దేశపు నదులలో మిక్కిలి పెద్దదైన గోదావరి ఆ పొలముల నడుమనే పారుచుండెను. అయినను ప్రజలు ఒక యేడు వరదలో మునుగుచు, మరియొక యేడు దప్పికతో మాడుచు ఉండిరి. నీరు లేక కాదు, నీటిని నిలిపి పంచు ఏర్పాటు లేక అట్లు చచ్చిరి.

కాటనుగారు 1844లోను, మరల 1845లోను గవర్నమెంటు వారికి వివరమైన నివేదికలు వ్రాసిరి. ధవళేశ్వరము వద్ద నదికి అడ్డముగా ఆనకట్ట కట్టి, అచ్చటినుండి కాలువలు త్రవ్వి, డెల్టా అంతటికి నీరు పంపవచ్చుననియు, ఆ కాలువలలోనే పడవలు నడపి ధాన్యమును తరలింపవచ్చుననియు అందు నిరూపించిరి. ఆనకట్టకు వేసిన యంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. లండనులోని కంపెనీ డైరెక్టర్లు 1846 తుదిని ఒప్పుకొనగా, 1847లో పని మొదలయ్యెను. వారు పెక్కుమంది ఇంజనీర్లను, వేలకొలది తాపీపనివారిని కావలెనని అడిగిరి; దొరకినవారు మాత్రము కొద్దిమంది. అడిగినదంతయు చేతికి వచ్చిన పిమ్మటనే పని మొదలుపెట్టుదునని కూర్చున్నచో ఆ ఆనకట్ట నేటికిని కాగితము మీదనే యుండెడిది.

ఇక ఆ పని నడచిన విధము. మొదటిది స్థలము. నది యిరుకుగా పారు చోట ఆనకట్ట పొట్టిదగును గాని, వరదనాడు నీటి వేగము, లోతు మిక్కుటముగా నుండును. ధవళేశ్వరము వద్ద నది లంకలతో కూడ సుమారు నాలుగు మైళ్ల వెడల్పు కలది; నడుమ లంకలు ఉండుటచేత నీరు నాలుగు పాయలై పారును. ఆ నాలుగు పాయలకు ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు ఆనకట్టలు కట్టిరి. అన్నియు కలిపి రెండుంబావు మైళ్లు, ఎత్తు పండ్రెండు అడుగులు. చూచువానికి ఇంత పొడవైన కట్టడమేల అనిపించును. కాని ఒక పాయలో పని సాగుచున్నప్పుడు నీటిని తక్కిన పాయలగుండ పోనిచ్చు వీలు ఆ వెడల్పులోనే యున్నది. స్థలమును ఎన్నుకొన్న నాడే పని నడుపు తీరును కూడ ఎన్నుకొనిరన్నమాట.

రెండవది సామగ్రి. ధవళేశ్వరము కొండ ఒడ్డుననే యుండుటచేత రాతికి దూరము పోవలసిన పని లేకపోయెను. ఆ గనినుండి యేటివరకు ఇనుపపట్టాల దారి వేసి, బండ్లలో రాతిని దింపి, పడవల మీద పనిచోటికి చేర్చిరి. అంతకు పదేండ్ల ముందు మద్రాసు వద్ద రెడ్ హిల్సునుండి రాతిని తెచ్చుటకై వేసిన పట్టాల దారిలో వారికి ఈ అనుభవము కలిగెను. సున్నము అక్కడనే కాల్చిరి. కలపను గోదావరి పై భాగపు అడవులనుండి నీటి మీద తేల్చి తెచ్చిరి. పనిముట్లు చేయుటకును, బాగుచేయుటకును కార్ఖానాలు ధవళేశ్వరముననే నెలకొల్పిరి. దూరదేశపు వస్తువు మీద ఆధారపడిన పని ఆ వస్తువు రానినాడు నిలిచిపోవును. దగ్గరనున్న దానితో సాగు పనికి ఆ భయము లేదు.

మూడవది కాలము. గోదావరి జ్యేష్ఠాషాఢములలో పొంగనారంభించి కార్తికము వరకు ఎవరి మాట వినదు. ఇసుకలో బావులు దింపి పునాది వేయవలెనన్నను, గోడ లేపవలెనన్నను, శీతకాలము మొదలు ఎండకాలపు తుదివరకే అవకాశము. వరద వచ్చుసరికి అరకొరగా నిలిచిన గోడ లేకుండ, ఎంతవరకు కట్టినను అంతవరకు వరదను తట్టుకొనునట్లు ముగింపవలెను. కావున వానకాలమున రాయి కొట్టి, సున్నము సేకరించి, లెక్కలు సరిచూచుకొని, నీరు తగ్గిన దినమున అందరు ఒక్కమారు యేటిలో దిగునట్లు ఏర్పాటు చేసుకొనవలెను. పని లేని నెలలే పనికి ప్రాణమైన నెలలు. సంవత్సరాంతపు పరీక్షకు విద్యార్థి సిద్ధపడుటయు ఇట్టిదే గదా.

నాలుగవది మనుష్యులు. వేలకొలది కూలివారు ఒక్కచోట చేరినప్పుడు వారికి తిండి, నీడ, కూలి, ఆజ్ఞ అను నాలుగును వేళకు అందకున్న, సైన్యము చెదరినట్లు చెదరిపోవుదురు. ఈ విషయమున కాటనుగారికి కుడిభుజమై నిలిచినవారు వీణెం వీరన్నగారు. వీరు ఈ దేశపువారు. ఇంజనీరింగు శాఖలో ఉద్యోగి. కూలివారి భాష, కట్టుబాటులు, కష్టములు ఎరిగినవారగుటచే, ఇంగ్లీషు ఇంజనీర్ల ఆలోచనను పార పట్టినవాని వరకు చేర్చిరి. పార పట్టినవాని ఇబ్బందిని ఇంజనీర్ల వరకు చేర్చిరి. తరువాత వీరికి రాయ బహదూరు బిరుదము కలిగెను. వీరి పేర స్మారకఫలకము ధవళేశ్వరమున కలదు. నడుమనుండువాడు మంచివాడైననే పైవాని తెలివియు, క్రిందివాని చెమటయు ఒక్క గోడగా కలిసికొనును. రాతిని రాతికి అతుకునది సున్నమైన, మనుష్యుని మనుష్యునికి అతుకునది ఇట్టివారి నడవడి.

పని మొదలైన మరుసటి సంవత్సరమే, అనగా 1848లో, ఎండదెబ్బవలన కాటనుగారి ఆరోగ్యము పూర్తిగా చెడెను. వైద్యుల మాటపై ఆస్ట్రేలియాకు పోయి రెండు సంవత్సరములు అచ్చట ఉండవలసి వచ్చెను. నది నడుమ కట్టడము సగములోనున్నది. కర్త దేశములో లేడు. అట్టి స్థితిలో పని చెడుట సులభము. కాని చెడలేదు. ఓరు దొరగారు ఆ భారమును వహించి, గీసిన పటమును, ఏర్పరచిన క్రమమును వదలక నడిపిరి. కాటనుగారు 1850లో తిరిగి వచ్చునప్పటికి ఆనకట్ట నీటిపై తలయెత్తియుండెను. 1852లో పని పూర్తియయ్యెను. ఆయన గొప్పతనమునకు సాక్ష్యము ఏదియని మమ్ము అడిగినచో, ఆయన లేని ఆ రెండు సంవత్సరములను చూపుదుము. యజమాని కంటియెదుట మాత్రమే నడచు పని భయముచేత నడచునది. ఆయన పోయినను నడచు పని యేర్పాటుచేత నడచునది.

ఆ క్రమములో పెరిగినవారే తరువాతి పనులు చేసిరి. హేగు దొరగారు గన్నవరము వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించుటకు 49 కమానుల అక్విడక్టును ఒక్క పనికాలములోనే కట్టించిరి. ఓరు దొరగారు 1852 మొదలు 1855 వరకు బెజవాడ వద్ద, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ, కృష్ణకు ఆనకట్ట కట్టించిరి. కాటనుగారు మద్రాసు రాజధానికి ముఖ్య ఇంజనీరైరి. అంతవరకు ఆ రాజధానిలో చెరువులు కాలువలు రెవెన్యూ బోర్డువారి చేతిలో, భవనములు మిలిటరీ బోర్డువారి చేతిలో, పెద్ద బాటలు మరియొకరి చేతిలో ఉండెను. 1852లో ఒక విచారణ సంఘము ఈ చీలికలోని నష్టమును బయటపెట్టెను. తరువాత కొద్దికాలమునకే పబ్లిక్ వర్క్సు శాఖ యేర్పడి, అంచనా, మంజూరు, కొలత, చెల్లింపు అనునవి ఒక క్రమమునకు వచ్చెను.

ఇంతవరకు చెప్పినది జయము. మేము ఇక్కడనే ముగించినచో కథ తియ్యగా నుండును గాని పూర్తికాదు. ఆ జయమునకు ప్రక్కనే మన సీమలోనే ఒక అపజయము కలదు.

గోదావరి ఫలమును చూచి, నీటిపారుదల పనులకు ప్రజల పెట్టుబడితో కంపెనీలు పెట్టవచ్చునను ఆశ ఇంగ్లండులో పుట్టెను. కాటనుగారి ఆలోచన ననుసరించి 1858 ప్రాంతమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీ యేర్పడెను. మూలధనము 10 లక్షల పౌనులు. లాభము వచ్చినను రాకున్నను వాటాదారులకు నూటికి 5 వంతున వడ్డీ దొరకునట్లు గవర్నమెంటువారు పూచీపడిరి. తుంగభద్రకు కర్నూలునకు పైన సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, అచ్చటినుండి కడపవరకు సుమారు 190 మైళ్ల కాలువ త్రవ్విరి. ఇదియే కర్నూలు–కడప కాలువ. మన కదిరి తాలూకా ఆ కాలమున కడప జిల్లాలోనిదే. 1910లోనే అది అనంతపురము జిల్లాలో చేరినది. కావున ఇది పొరుగువారి కథ కాదు.

పెద్ద పెద్ద యాశలతో కూర్చిన ఆ మూలధనమంతయు ఈ ఒక్క కాలువ ముగియకమునుపే తరిగిపోయెను. 1866లో గవర్నమెంటువారు మరి 6 లక్షల పౌనులు అప్పియ్యవలసివచ్చెను. కాలువ పూర్తియైన పిమ్మట కూడ అనుకొన్న భూమిలో స్వల్పభాగమే సాగాయెను. తుదకు 1882లో గవర్నమెంటువారే కంపెనీ హక్కులను కొని కాలువను తమ స్వాధీనము చేసుకొనిరి. ఆలోచన అదే మనిషిది, నది అట్టిదే, దేశమును అదే. మరి యేల ఇట్లాయెను?

మాకు మూడు కారణములు కానవచ్చుచున్నవి. మొదటిది: ధవళేశ్వరమున నిర్ణయించువాడు పని జరుగు చోటనే కాపురముండెను, ఈ కంపెనీ డైరెక్టర్లు లండనులో నుండిరి. గట్టు తెగిన సంగతి వారాలకు గాని వారికి చేరదు. మారుమాట మరల వారాలకు గాని రాదు. రెండవది: వడ్డీకి గవర్నమెంటు పూచీ యుండుటచేత ఖర్చు మితిమీరినను వాటాదారునికి నొప్పి తగులలేదు. ఆ నష్టపు భారము పడినది ఈ దేశపు పన్ను చెల్లించువానిపై. నష్టము తగులనివాని చేతిలో సంచి యుండరాదు. మూడవది: రైతును అడుగలేదు. గోదావరి డెల్టా రైతు నీటికై కాచియుండెను. కర్నూలు, కడప నల్లరేగడి రైతు జొన్న, ప్రత్తి వానపదునుతో పండించుకొనువాడు. ప్రతి యేడు నీటి పన్ను కట్టుటకు ముందుకు రాలేదు. ఇచ్చట కాటనుగారు కూడ తప్పిరని మేము సందేహింపక చెప్పుదుము. నీరు పోయినచోటనెల్ల ఒకే ఫలము కలుగునని వారు నమ్మిరి. నేలనుబట్టి, అలవాటునుబట్టి ఫలము మారునని ఆ నమ్మకములో చూచుకొనలేదు.

అయినను 1876 మొదలు 1878 వరకు ధాత కరవు రాయలసీమను కాల్చినప్పుడు ఆ కాలువ వెంటి రైతులే తక్కిన యేండ్లకంటె మిక్కిలి ఎక్కువ నేలకు నీరు పెట్టి పంట కాపాడుకొనిరి. లాభము చూపని కట్టడము ప్రాణము నిలుపవచ్చును. అప్పటికి కాటనుగారు వృద్ధులై ఇంగ్లండులోనుండిరి. 1861లోనే వారికి సర్ బిరుదము వచ్చియుండెను. 1878లో పార్లమెంటు విచారణ సంఘము ఎదుట నిలిచి, రైలు మార్గములకు పోయుచున్న ధనములో కొంత కాలువలకు పెట్టినచో కరవులను ఆపవచ్చునని వాదించిరి. వారి మాట ఎక్కువమందికి రుచింపలేదు. 1860 ప్రాంతమున వారు సూచించిన తుంగభద్ర జలాశయపు ఆలోచన వారి మరణానంతరము, 1945లో మొదలై 1953లో ఫలించెను. దాని ఎగువ కాలువ నీరు నేడు అనంతపురము సీమకు వచ్చుచున్నది.

ఇక నేటి మాట. మన తనకల్లు, కదిరి, హిందూపురము ప్రాంతములనుండి ఎందరో తల్లిదండ్రులు బెంగుళూరునకు కట్టడపు పనులకు పోవుచున్నారు. పిల్లలను తాతలయొద్ద నుంచి, నెలలకొలది అచ్చటనే యుందురు. వారు పనిచేయు కట్టడములకును పైన చెప్పిన అంగములే కలవు. పని చేయించు యజమాని, పటము గీయు ఇంజనీరు, పనిని ఒప్పుకొనిన కంపెనీ, దానిక్రింద గుత్తేదారులు, వారి క్రింద మేస్త్రీలు, మేస్త్రీ క్రింద కూలివారు. పైన సంతకము చేసిన ఒడంబడిక క్రిందివానికి చేరుసరికి నాలుగైదు చేతులు మారును. మంచి కంపెనీలో ఆ ప్రతి చేతికిని ఒక లెక్క యుండును: హాజరునకు మస్టరు, సామగ్రికి గోదాము చిట్టా, జరిగిన పనికి కొలతల పుస్తకము, చెల్లింపునకు బిల్లు. చెరువులో మట్టి త్రవ్వునప్పుడు నడుమ నడుమ త్రవ్వక విడిచిన మట్టిదిమ్మెలను చూచి లోతు కొలుచుట మనవారికి తెలిసినదే. ఆ దిమ్మెయే కొలతల పుస్తకమునకు తాత. కొలుచువాడు ఒకడు, ధనము చెల్లించువాడు వేరొకడు కావలెనను నియమము ఎవరిని అవమానించుటకు కాదు, ఇద్దరిని కాపాడుటకు.

కూలివాని రక్షణయు ఆ లెక్కలలోనే యున్నది. పేరు మస్టరులో లేనివానికి, పైనుండి పడి కాలు విరిగిననాడు, ఆ పనిలో ఉన్నాడని చెప్పు సాక్షి యుండడు. 1996లో భారత ప్రభుత్వము కట్టడపు పనివారి కొరకు ప్రత్యేకముగా ఒక చట్టము చేసినది. పనివారు తమ పేరు నమోదు చేయించుకొని సంక్షేమ మండలి సహాయము పొందవచ్చును. చదువు వచ్చిన పిల్లలు తమ తల్లిదండ్రుల పేర్లు ఆ పట్టీలో ఉన్నవో లేవో విచారించి, లేకున్న వ్రాయించుట వారు చేయగల మొదటి ఇంజనీరింగు పని అని మేము చెప్పుదుము. ధవళేశ్వరమున రాయి మోసిన వేలమందిలో మనకు పేరు తెలిసినవారు ఎందరు? వీరన్నగారి పేరు ఫలకము మీద మిగిలినది. తక్కినవారి పేర్లు గోదావరియే మోసికొనిపోయినది.

కాటను దొరగారు 1899వ సంవత్సరము జూలై 24వ తేదీన, తొంబది యారేండ్ల ప్రాయమున, ఇంగ్లండులోని డోర్కింగు పట్టణమున కాలధర్మము నొందిరి. కడపటి యేండ్లలో కూడ తమ తోటలో నేలను లోతుగా దున్ని, ఎక్కువ పంట తీయు పరీక్షలు చేయుచునే యుండిరి. వారు కట్టించిన ఆనకట్టకు బదులుగా 1982లో పూర్తియైన క్రొత్త బ్యారేజికి వారి పేరే పెట్టిరి. సుమారు 10 లక్షల యెకరములు దాని నీటిచే పండుచున్నవి. డెల్టా గ్రామములలో వారి విగ్రహములు లేని దారి అరుదు. గోదావరిలో స్నానము చేయు కొందరు సంకల్పమున వారి పేరును తలంతురని వాడుక కలదు.

విద్యార్థులారా, మీలో కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు గుత్తేదారులగుదురు, కొందరు మేస్త్రీలై పది మందిచేత పని చేయింతురు. ఏ మెట్టున నిలిచినను ఈ నాలుగు ప్రశ్నలు మరువకుడు. నిర్ణయము చేయువాడు పని కనబడు చోట నున్నాడా? నష్టము వచ్చిన అది తగులువాని చేతిలోనే ధనమున్నదా? ఈ కట్టడమును వాడుకొనువారిని ఎవరైన అడిగిరా? నేను రేపు జ్వరపడి మంచమెక్కినచో ఈ పని నడచునా? ఈ నాలుగింటికి ఔనని చెప్పగల కట్టడము మన చెరువుగట్ల వలె తరతరములు నిలుచును. చెప్పలేనిది ఎంత సున్నము పోసినను నిలువదు.